లినక్స్‌లో బ్రౌజర్ ట్యాబ్‌లు మొరాయిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

ట్యాబ్ క్రాష్ అయినా, తెల్లగా నిలిచిపోయినా, బ్రౌజర్ మొత్తం మాయమైనా చాలామంది మొదట చేసే పని ఒకటే: బ్రౌజర్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. లినక్స్‌లో దీనివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ప్యాకేజీ తీసేస్తే పోయేవి ప్రోగ్రాం ఫైళ్లే. ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగులు, పాడైన క్యాష్ అన్నీ హోమ్ డైరెక్టరీలోని మీ ప్రొఫైల్, క్యాష్ ఫోల్డర్లలో చెక్కుచెదరకుండా ఉంటాయి. కొత్తగా వేసిన బ్రౌజర్ తిన్నగా వెళ్లి అదే ప్రొఫైల్‌ని తెరుస్తుంది, పాత తంటా మళ్లీ మొదలవుతుంది. ఉబుంటులో వచ్చే స్నాప్ అనే ప్యాకేజీ రకం సంగతి ఇంకోలా ఉంటుంది. దాన్ని రిమూవ్ చేస్తే మీ డేటా కూడా దానితోపాటే తీసేయబడుతుంది, సాధారణంగా స్నాప్ దాచిపెట్టే స్నాప్‌షాట్ నుంచి తిరిగి తెచ్చుకోవాల్సి వస్తుంది. ట్యాబ్‌లు కాపాడుకుందామనుకున్నవాళ్లకి అది ఇంకా నష్టం.

కాబట్టి దేన్నీ తీసేయకుండా ముందు ట్యాబ్‌ని పడగొట్టింది ఎవరో తేల్చండి. పేజీయా, ఎక్స్‌టెన్షనా, మెమరీయా, గ్రాఫిక్సా, వెనకాల జరిగిన అప్‌డేటా? ఒక్కొక్కటి ఒక్కో రకం ఆనవాలు వదిలి వెళ్తుంది. ఇక్కడ ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండింటి గురించీ చెబుతున్నాను. క్రోమియం, బ్రేవ్ లాంటివి వాడేవాళ్లకు క్రోమ్ గురించి చెప్పినవే చాలావరకు సరిపోతాయి. కమాండ్ల పేర్లు పలికేటట్టు రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో కొట్టండి.

ముందు ఆనవాలు చూడండి

ఒక్క ట్యాబ్ పడిపోయి మిగతావి మామూలుగా ఉంటే కంగారు అక్కర్లేదు. బ్రౌజర్‌ని కట్టిందే అలా. క్రోమ్ 2008లో వచ్చినప్పటి నుంచీ, ఫైర్‌ఫాక్స్ 2016లో 48వ వెర్షన్ మొదలుకొని అంచెలంచెలుగా, వెబ్ పేజీలను వేరే ప్రాసెస్‌లలో నడుపుతున్నాయి. ఒక పేజీ కూలితే పక్కవాటికి దెబ్బ తగలకూడదన్నదే ఉద్దేశం. ఒకే సైట్‌కి చెందిన మూడు నాలుగు ట్యాబ్‌లు ఒకేసారి పడిపోయాయంటే అవి ఒకే ప్రాసెస్‌ని పంచుకుంటున్నాయని అర్థం. తప్పు ఆ సైట్‌లోనో, దానిమీద పనిచేసే ఎక్స్‌టెన్షన్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ.

క్రోమ్‌లో క్రాష్ పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఎర్రర్ కోడ్ ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే రీలోడ్ కొట్టేస్తారు. ఒక్క క్షణం ఆగి చదవండి. అవుట్ ఆఫ్ మెమరీ అని గానీ సిగ్‌కిల్ అని గానీ ఉంటే మెమరీ వైపు చూడాలి. సిగ్‌సెగ్‌వీ అంటే ప్రోగ్రాం తనది కాని మెమరీ చిరునామాను ముట్టుకుంది. అది బ్రౌజర్ బగ్ కావచ్చు, గ్రాఫిక్స్ డ్రైవర్ కావచ్చు, అరుదుగా ర్యామ్ చిప్పే పాడై ఉండొచ్చు. సిగ్‌బస్ అని కనిపిస్తే డిస్క్‌లోనో, కిందచెప్పే షేర్డ్ మెమరీలోనో ఖాళీ అయిపోయిందేమో చూడండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అడ్రస్ బార్‌లో అబౌట్:క్రాషెస్ అని కొట్టండి, క్రాష్‌ల చిట్టా తేదీలతో సహా వస్తుంది.

ఏ సందేశమూ లేకుండా బ్రౌజర్ కిటికీ మొత్తం చటుక్కున మాయమైతే? అది చాలాసార్లు మెమరీ కథే. అక్కడికి వచ్చేముందు, నిమిషంలో తేలిపోయేది ఒకటుంది.

కొత్త ట్యాబ్ తెరుచుకోకుండా రీస్టార్ట్ చేయమంటోందా?

ఇది ఫైర్‌ఫాక్స్ 140, అంతకుముందు వెర్షన్లలో ఎదురయ్యేది; 141 నుంచి లినక్స్‌లో ఈ బలవంతపు రీస్టార్ట్ అక్కర్లేదు. ఆ వెర్షన్లలో పాత ట్యాబ్‌లు పనిచేస్తుంటాయి. కొత్త ట్యాబ్ తెరిస్తే మాత్రం, బ్రౌజర్ వెనకాల అప్‌డేట్ అయింది, రీస్టార్ట్ చేయండి అన్న పేజీ వస్తుంది. ఇది జబ్బు కాదు. మీరు పనిలో ఉండగా ఏపీటీనో డీఎన్‌ఎఫ్‌నో (ప్యాకేజీలను వేసి, అప్‌డేట్ చేసే ప్రోగ్రాంలు) డిస్క్ మీది ఫైళ్లను మార్చేసింది. నడుస్తున్న బ్రౌజర్ పాత వెర్షన్, కొత్త ట్యాబ్ కోసం అది పుట్టించబోయే ప్రాసెస్ కొత్త వెర్షన్. రెండింటికీ పొత్తు కుదరదు కాబట్టి ఫైర్‌ఫాక్స్ ముందే ఆగిపోతుంది. ఆ పేజీలోని రీస్టార్ట్ బటన్ నొక్కితే ట్యాబ్‌లన్నీ తిరిగొస్తాయి. ప్రైవేట్ కిటికీలో ఉన్నవి మాత్రం రావు. వాటిలో సగం నింపిన ఫారం ఏదైనా ఉంటే, కొత్త ట్యాబ్ జోలికి పోకుండా ముందు దాన్ని పూర్తి చేసుకోండి.

స్నాప్, దానిలాంటిదే అయిన ఫ్లాట్‌ప్యాక్ వాడేవాళ్లకు ఈ బెడద ఉండదు. పాత వెర్షన్ బ్రౌజర్ మూసేదాకా అలాగే పక్కన ఉంటుంది. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ గురించి అప్‌డేట్ కాచుకుని ఉంది, యాప్ మూయండి అని నోటిఫికేషన్ వస్తే, తీరిక చూసుకుని ఒకసారి మూసి తెరిస్తే సరి.

మెమరీ

లినక్స్ డెస్క్‌టాప్‌లో ట్యాబ్ సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలుతుంది, అందుకని కాస్త నిదానంగా చూద్దాం.

బ్రౌజర్‌లోనే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. క్రోమ్‌లో దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:ప్రాసెసెస్ పేజీ తెరుచుకుంటుంది. మెమరీ కాలమ్ మీద క్లిక్ చేసి పెద్దవి పైకి వచ్చేలా పెట్టుకోండి. ఏ సైట్ ఎంత తింటోందో, క్రోమ్‌లో అయితే ఏ ఎక్స్‌టెన్షన్ ప్రాసెసర్‌ని నంజుకుంటోందో కూడా పేరుతో సహా కనిపిస్తుంది. సిస్టమ్ మానిటర్‌లో చూస్తే ఇంత స్పష్టంగా తెలియదు. అక్కడ ఫైర్‌ఫాక్స్ ట్యాబ్‌లన్నీ ఐసోలేటెడ్ వెబ్ కో అనే వింత పేరుతో బారులు తీరి ఉంటాయి. అసలు పేరు ఐసోలేటెడ్ వెబ్ కంటెంట్. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్, ప్రాసెస్ పేరుకి 15 అక్షరాలే ఇస్తుంది కాబట్టి చివర తెగిపోయింది. వైరస్ ఏమోనని టెన్షన్ పడేవాళ్లు చాలామందే ఉంటారు, ఆ భయం అక్కర్లేదు.

ట్యాబ్‌ని చంపింది సిస్టమేనా అన్నది కచ్చితంగా తెలియాలంటే లాగ్ చూడాలి. టెర్మినల్ తెరిచి జర్నల్‌సీటీఎల్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ కె అని ఎంటర్ చేయండి. ఏమీ చూపించకపోతే ముందు సుడో చేర్చండి. క్యాపిటల్ జి నొక్కి చివరికి వెళ్లి, అక్కడి నుంచి పైకి చూస్తూ అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్ అన్న మాటలున్న వరుస వెతకండి. పక్కనే ఆ 15 అక్షరాల పేరు కనిపిస్తే విషయం తేలిపోయినట్టే. మెమరీ నిండిపోయి కెర్నల్ ఎవరో ఒకరిని చంపక తప్పనప్పుడు, ముందు ట్యాబ్‌లే బలయ్యేలా బ్రౌజర్లే ఏర్పాటు చేసుకుంటాయి. ప్రధాన ప్రాసెస్ పోతే అన్నీ పోతాయి కదా.

లాగ్‌లో అలాంటిదేమీ లేకుండా బ్రౌజర్ మొత్తం పోయిందా? అయితే సిస్టమ్‌డీ ఊమ్‌డీ అనే సర్వీసుని అనుమానించండి. ఫెడోరాలో 34వ వెర్షన్ నుంచి, ఉబుంటు డెస్క్‌టాప్‌లో 22.04 నుంచి అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. కెర్నల్‌లా ఒక్క ప్రాసెస్‌ని కాకుండా ఇది ఆ యాప్ గుంపు మొత్తాన్ని ఒకేసారి తీసేస్తుంది. అందుకే ఏ క్రాష్ పేజీ కూడా కనపడదు. జర్నల్‌సీటీఎల్, హైఫన్ యు, సిస్టమ్‌డీ హైఫన్ ఊమ్‌డీ అని కొడితే ఎప్పుడు ఎవరిని తీసేసిందో రాసి ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేనైతే వద్దంటాను. అది లేకపోతే బ్రౌజర్ పోయే బదులు డెస్క్‌టాప్ మొత్తం మౌస్ కూడా కదలకుండా బిగుసుకుపోతుంది. అది ఇంకా చిరాకు.

ఇక మందు. ఫ్రీ, స్పేస్, హైఫన్ హెచ్ అని కొట్టి స్వాప్ (ర్యామ్ నిండినప్పుడు డేటాని పక్కన పెట్టే చోటు) వరుస చూడండి. అక్కడ సున్నా ఉంటే అసలు లోపం దొరికినట్టే. స్వాప్ లేని సిస్టమ్‌లో మెమరీ నిండగానే ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. ఒక స్వాప్ ఫైల్ పెట్టుకోండి, లేదా జెడ్‌ర్యామ్ వాడండి. జెడ్‌ర్యామ్ అంటే ర్యామ్‌లోనే కొంత భాగంలో డేటాని కుదించి దాచడం. ఫెడోరాలో 33 నుంచి ఇది ముందే ఉంటుంది, డెబియన్, ఉబుంటులలో జెడ్‌ర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీ వేసుకోవాలి.

ఆ తర్వాత, వాడని ట్యాబ్‌లని బ్రౌజరే నిద్రపుచ్చేలా చేయండి. క్రోమ్‌లో సెట్టింగ్స్, పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ సేవర్ ఆన్ చేయండి. మెయిల్, చాట్ లాంటి సైట్లు నిద్రపోకూడదనుకుంటే అక్కడే ఉన్న మినహాయింపుల జాబితాలో చేర్చవచ్చు. ఫైర్‌ఫాక్స్ లినక్స్‌లో మెమరీ తగ్గినప్పుడు జాగ్రత్తపడటం 105వ వెర్షన్ నుంచి బాగా మెరుగైంది. అబౌట్:అన్‌లోడ్స్ పేజీలో ఏ ట్యాబ్ ముందు నిద్రపోతుందో వరుస కనిపిస్తుంది, అక్కడి బటన్ నొక్కి వెంటనే నిద్రపుచ్చవచ్చు కూడా. 140వ వెర్షన్ నుంచి ఇది ఇంకా సులువు: ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌లోడ్ ట్యాబ్ అనడమే. ట్యాబ్ బార్‌లో అలాగే ఉంటుంది, క్లిక్ చేసినప్పుడు మళ్లీ లోడ్ అవుతుంది. ఇంతకాలం దీనికోసం వేసుకున్న ఎక్స్‌టెన్షన్ ఉంటే ఇక తీసేయొచ్చు.

ర్యామ్ పుష్కలంగా ఉన్నా ట్యాబ్‌లు వరుసగా కూలుతుంటే ఒక మూల చూడటం మరిచిపోవద్దు. డీఎఫ్, స్పేస్, హైఫన్ హెచ్ అని కొట్టండి. డెవ్ కింద ఎస్‌హెచ్‌ఎమ్ అనే వరుస ఉంటుంది. బ్రౌజర్ ప్రాసెస్‌లు ఒకదానికొకటి బొమ్మలు, డేటా అందించుకునే షేర్డ్ మెమరీ అదే. మామూలుగా అది ర్యామ్‌లో సగం దాకా పెరగగలదు. అది నూరు శాతం నిండితే ట్యాబ్‌లు కూలడం ఖాయం. బ్రౌజర్‌ని డాకర్ కంటెయినర్‌లో నడిపేవాళ్లకు ఇది నిత్యానుభవం, ఎందుకంటే అక్కడ డిఫాల్ట్‌గా దొరికేది 64 ఎంబీ మాత్రమే. కంటెయినర్ మొదలుపెట్టేటప్పుడే షమ్ సైజ్ ఆప్షన్‌తో పెంచుకోండి. అదే జాబితాలో హోమ్ ఉన్న డిస్క్ వరుస కూడా చూడండి. అది నిండితే ట్యాబ్‌ల వివరాలు సేవ్ కావు, ఆ సంగతి మర్నాడు బ్రౌజర్ తెరిచినప్పుడుగానీ బయటపడదు.

ఎక్స్‌టెన్షనా, ప్రొఫైలా?

ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది. బ్రౌజర్ అసలు నిలబడకపోతే టెర్మినల్‌లో ఫైర్‌ఫాక్స్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్లు, సేఫ్ హైఫన్ మోడ్ అని చేర్చండి. ఈ మోడ్‌లో సమస్య పోయిందంటే ఎక్స్‌టెన్షనే దొంగ అని వెంటనే తీర్మానించకండి. ఈ మోడ్ ఎక్స్‌టెన్షన్లతో పాటు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌నీ (గ్రాఫిక్స్ చిప్‌తో పని చేయించుకోవడం), మీరు మార్చుకున్న థీమ్‌నీ, బ్రౌజర్ రూపాన్ని మార్చే యూజర్‌క్రోమ్ ఫైల్‌నీ పక్కన పెడుతుంది. కాబట్టి మామూలు మోడ్‌కి వచ్చి, ఎక్స్‌టెన్షన్లు అన్నీ ఆపి చూడండి. అప్పుడూ సమస్య లేకపోతే ఒక్కొక్కటే ఆన్ చేస్తూ పోండి. ఇంకా ఉంటే గ్రాఫిక్స్ వైపు వెళ్లండి.

ట్యాబ్ బార్ ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తున్నా, అప్‌డేట్ తర్వాత అసలు కనపడకపోయినా, యూజర్‌క్రోమ్ ఫైల్‌ని మార్చి ఉన్నారేమో గుర్తు చేసుకోండి. ట్యాబ్‌లు నిలువుగా రావడానికి చాలామంది దాన్ని వాడేవారు. ఫైర్‌ఫాక్స్ 136 నుంచి నిలువు ట్యాబ్‌లు బ్రౌజర్‌లోనే ఉన్నాయి. ఆ ఫైల్‌ని వదిలించుకోవడం మేలు.

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే, మీరు ప్రత్యేకంగా అనుమతించినవి తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. దాంతో చాలావరకు తేలిపోతుంది. అక్కడా తేడా లేకపోతే కొత్త ప్రొఫైల్ చేసి చూడండి. ఫైర్‌ఫాక్స్‌కి అబౌట్:ప్రొఫైల్స్ పేజీ ఉంది, పాతది అలాగే ఉంటుంది.

అక్షరాలు చెదిరినా, ట్యాబ్ నల్లగా మారినా

పేజీ లోడ్ అయినట్టే ఉంటుంది, టైటిల్ కూడా వస్తుంది, లోపల మాత్రం నల్లటి తెర, లేదా అక్షరాల చోట చిందరవందర గీతలు. నిన్నటిదాకా బాగుండి, సిస్టమ్ అప్‌డేట్ తర్వాత మొదలైందంటే మెసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీ మారి ఉంటుంది. క్రోమ్ రకం బ్రౌజర్లు పాత డ్రైవర్‌తో తయారుచేసి దాచుకున్న షేడర్ క్యాష్ కొత్తదానితో పొసగకపోవడం పాత గొడవే. బ్రౌజర్ పూర్తిగా మూయండి. హోమ్‌లో దాచిన ఫైళ్లు కనిపించేలా కంట్రోల్ హెచ్ నొక్కి, డాట్ కాన్ఫిగ్ లోపల గూగుల్ హైఫన్ క్రోమ్ ఫోల్డర్‌లోకి వెళ్లండి. అందులో షేడర్‌క్యాష్ అన్న మాట పేరులో ఉన్న ఫోల్డర్లు, డిఫాల్ట్ ఫోల్డర్ లోపలి జీపీయూక్యాష్ తీసేయండి. ఇవి పోతే నష్టమేమీ లేదు, బ్రౌజర్ మళ్లీ తయారుచేసుకుంటుంది. పొరపాటున డిఫాల్ట్ ఫోల్డర్ మొత్తాన్ని మాత్రం తీసేయకండి, మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు అందులోనే ఉంటాయి.

ఎన్విడియా కార్డ్ ఉండి డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక మొదలైతే ఒకసారి మెషీన్ రీబూట్ చేయండి. కెర్నల్‌లో పాత మాడ్యూల్, డిస్క్ మీద కొత్త లైబ్రరీ ఉన్నంతసేపు బ్రౌజర్ ఒక్కటే కాదు, గ్రాఫిక్స్ వాడే ప్రతిదీ గొడవ చేస్తుంది.

అప్పటికీ లొంగకపోతే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. క్రోమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్‌లో ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్‌లో పర్ఫార్మెన్స్ అనే భాగం వెతికి, సిఫారసు చేసిన సెట్టింగుల టిక్ తీసేస్తే కింద కనిపిస్తుంది. దీన్ని పరీక్షగానే వాడండి. ఆపేసి వదిలేస్తే వీడియోల భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ మోత మోగుతుంది.

ట్యాబ్‌ని ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీలోకి లాగితే ఎక్కడో పడిపోతోందంటే, మీరు వేలాండ్‌లో (కిటికీలను తెర మీద చూపే కొత్త పద్ధతి; పాతది ఎక్స్11) ఉన్నారేమో చూడండి. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:సపోర్ట్ తెరిస్తే విండో ప్రోటోకాల్ అన్న వరుసలో తెలుస్తుంది. 121వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ వేలాండ్‌నే ముందు ఎంచుకుంటుంది. లాగిన్ తెరలో ఎక్స్11 సెషన్ ఉంటే దాన్ని ఎంచుకుని అక్కడా అలాగే ఉందేమో పోల్చి చూస్తే, తప్పు బ్రౌజర్‌దా డెస్క్‌టాప్‌దా అన్నది తేలుతుంది.

ట్యాబ్‌లన్నీ పోయాయి, ఎలా?

ముందుగా ఒక్క మాట: బ్రౌజర్‌ని మూసి తెరిచి, మూసి తెరిచి ప్రయత్నించకండి. తెరిచిన ప్రతిసారీ పాత సెషన్ ఫైళ్ల మీద కొత్తవి పడుతుంటాయి.

మొదట కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కి చూడండి. రెండు బ్రౌజర్లలోనూ పనిచేస్తుంది. రాకపోతే ఫైర్‌ఫాక్స్‌లో హిస్టరీ మెనూలో రీస్టోర్ ప్రీవియస్ సెషన్ ఉంది. అది మసకబారి ఉంటే, అదే మెనూలో ఇటీవల మూసిన కిటికీల జాబితా చూడండి. ఎక్కువమందికి జరిగేది ఇది: రెండు కిటికీలు తెరిచి ఉంటాయి, ముప్పై ట్యాబ్‌లున్న పెద్ద కిటికీని ముందు మూసి, డౌన్‌లోడ్ కోసం తెరుచుకున్న చిన్న కిటికీని చివర మూస్తారు. తిరిగి తెరిస్తే ఆ చిన్నదే వస్తుంది. పెద్దది ఆ జాబితాలో భద్రంగా ఉంటుంది.

అదీ లేకపోతే ఫైళ్ల దగ్గరికి వెళ్లాలి. ఫైర్‌ఫాక్స్ డిఫాల్ట్‌గా ప్రతి 15 సెకన్లకు ఓసారి మీ ట్యాబ్‌ల వివరాలు రాసిపెడుతుంది. అబౌట్:సపోర్ట్ పేజీలో ప్రొఫైల్ డైరెక్టరీ వరుసలో ఫోల్డర్ తెరిచే బటన్ ఉంది. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, మామూలు ప్యాకేజీ ఒక్కోదాంట్లో ప్రొఫైల్ ఒక్కో చోట ఉంటుంది కాబట్టి మీరు వెతకడం కన్నా ఆ బటన్ నొక్కడమే నయం. ఫోల్డర్ తెరుచుకున్నాక బ్రౌజర్‌ని మూసేయండి. సెషన్‌స్టోర్ హైఫన్ బ్యాకప్స్ అనే ఫోల్డర్‌ని మొత్తంగా డెస్క్‌టాప్ మీదికి కాపీ చేయండి. ఏ పొరపాటు జరిగినా అది అండగా ఉంటుంది.

ఆ కాపీలో రికవరీ, ప్రీవియస్, అప్‌గ్రేడ్ అని మొదలయ్యే పేర్లు ఉంటాయి. రికవరీ అంటే ఇప్పటి సెషన్, ప్రీవియస్ అంటే అంతకుముందుది, అప్‌గ్రేడ్ అంటే బ్రౌజర్ వెర్షన్ మారే ముందు దాచినది. పేరు కన్నా సైజు, తేదీ నమ్మండి. ట్యాబ్‌లు పోయిన సమయానికి ముందు తేదీతో, మిగతావాటి కన్నా పెద్దగా ఉన్నదే మీకు కావలసినది. దాన్ని ప్రొఫైల్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కడ మామూలుగా ఉండే సెషన్‌స్టోర్ ఫైల్ పేరే దానికీ పెట్టండి. ఫైల్ పేరు చివర జేసన్‌ఎల్‌జెడ్4 అని ఉండాలి. బ్రౌజర్ తెరిచి రీస్టోర్ ప్రీవియస్ సెషన్ నొక్కండి.

క్రోమ్‌లో ఇవి డిఫాల్ట్ ప్రొఫైల్ లోపలి సెషన్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ముందు కాపీ తీసుకోవాలన్న నియమం అక్కడా అదే.

ప్రతిసారీ పోతున్నాయంటే అది క్రాష్ కాదు, సెట్టింగ్. ఫైర్‌ఫాక్స్‌లో స్టార్టప్ దగ్గర పాత కిటికీలు, ట్యాబ్‌లు తెరవమన్న టిక్ ఉందో లేదో చూడండి. బ్రౌజర్ మూయగానే హిస్టరీ తుడిచేయమని ప్రైవసీలో పెట్టి ఉంటే, ఈ టిక్ ఉన్నా ట్యాబ్‌లు దక్కవు.

చేయి జారితే వచ్చే సమస్యలు

ఫైర్‌ఫాక్స్ లినక్స్‌లో కంట్రోల్ డబ్ల్యూ ఒక ట్యాబ్‌ని మూస్తుంది, దాని పక్క మీట కంట్రోల్ క్యూ మొత్తం బ్రౌజర్‌ని మూసేస్తుంది. వేలు కాస్త జారితే చాలు. సెట్టింగ్స్‌లో ట్యాబ్స్ భాగంలో కంట్రోల్ క్యూ కొడితే ముందు అడగమనే టిక్ పెట్టుకోండి. అడిగినా వద్దనుకుంటే అబౌట్:కాన్ఫిగ్‌లో క్విట్‌షార్ట్‌కట్ అని వెతికితే డిసేబుల్డ్ అన్న వరుస వస్తుంది, దాన్ని ట్రూ చేసి బ్రౌజర్ రీస్టార్ట్ చేస్తే ఆ మీటల పని ఆగిపోతుంది.

మౌస్ మధ్య బటన్ సంగతి ఇంకా తమాషా. ట్యాబ్ మీద నొక్కితే ట్యాబ్ మూతపడుతుంది. కొత్త ట్యాబ్ తెరిచే ప్లస్ గుర్తు మీద నొక్కితే మాత్రం, లినక్స్ ఫైర్‌ఫాక్స్‌లో, మీరు అంతకుముందు ఎంచుకున్న టెక్స్ట్‌తో సెర్చ్ తెరుచుకుంటుంది. ఎంచుకున్నది పాస్‌వర్డ్ అయితే అది సెర్చ్ ఇంజిన్ చేతికి వెళ్లినట్టే. నచ్చకపోతే అబౌట్:కాన్ఫిగ్‌లో సెర్చ్‌క్లిప్‌బోర్డ్ అని వెతికి ఫాల్స్ చేయండి.

బ్రౌజర్ అసలు తెరుచుకోకపోతే

కంప్యూటర్ పేరు మార్చాక క్రోమ్, ఈ ప్రొఫైల్‌ని వేరే కంప్యూటర్‌లో వాడుతున్నారు అని మొండికేస్తుంది. ఏ క్రోమ్ ప్రాసెస్ నడవడం లేదని నిర్ధారించుకుని, గూగుల్ హైఫన్ క్రోమ్ ఫోల్డర్‌లో సింగిల్టన్‌లాక్ అనే ఫైల్‌ని తీసేయండి, తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ ఇప్పటికే నడుస్తోంది, స్పందించడం లేదు అంటే సాధారణంగా ఏదో పాత ప్రాసెస్ మిగిలిపోయి ఉంటుంది. సిస్టమ్ మానిటర్‌లో దాన్ని ఎండ్ చేస్తే చాలు.

ఉబుంటు 24.04లో విడిగా డౌన్‌లోడ్ చేసిన క్రోమియం రకం బ్రౌజర్ శాండ్‌బాక్స్ లేదంటూ ఆగిపోవచ్చు. ప్రోగ్రాంల అనుమతులను అదుపులో పెట్టే యాప్‌ఆర్మర్ కొత్తగా పెట్టిన ఆంక్ష వల్ల అలా జరుగుతుంది. దీనికి నో శాండ్‌బాక్స్ అనే ఆప్షన్ తగిలించమని చాలాచోట్ల రాసి ఉంటుంది. తగిలిస్తే తెరుచుకుంటుంది, నిజమే. కానీ పాడు పేజీకీ మీ హోమ్ ఫోల్డర్‌కీ మధ్య ఉన్న ప్రధానమైన అడ్డు తొలగిపోతుంది. ఆ బ్రౌజర్ తయారీదారు ఇచ్చే డెబ్ ప్యాకేజీ వేసుకుంటే దానికి కావలసిన యాప్‌ఆర్మర్ అనుమతి సాధారణంగా వచ్చేస్తుంది, ఆ ఆప్షన్‌తో పనే ఉండదు.